ఆసామి అంటే ఎవరు?

డిగ్రీ ఆఖరి పరీక్ష అయిపోయిన వారానికి పెదనాయన మా ఇంటికొచ్చాడు. చేతిలో బట్టల షాపు సంచి, అందులో ప్లాస్టిక్ కవరు, ఆ కవర్లో మడతపెట్టిన పాత న్యూస్‌పేపరు, దాని మధ్యలో ఒక కాగితం. మడతల దగ్గర చిరిగిపోయి, చాయ్ రంగుకు తిరిగిన కాగితం. దాన్ని టీపాయ్ మీద రెండు అరచేతులతో జాగ్రత్తగా పరిచి, "నువ్వు హిస్టరీ చదివినవు గద బిడ్డా, గిది జర చదివి చెప్పు" అన్నాడు.

ఉర్దూ. అదీ చేతిరాత. స్కేలు పెట్టి గీసిన గళ్లు, గళ్ల నిండా వంకర్లు, చుక్కలు. మూడేళ్లు చరిత్ర చదివినదాన్ని, ఫస్ట్ క్లాసు వస్తుందని నమ్మకంగా ఉన్నదాన్ని. ఆ కాగితంలో ఒక్క అక్షరం నాకు అర్థం కాలేదు. కింద మూలన గుండ్రటి ముద్ర కనిపిస్తే దాని మీద వేలు పెట్టి, "ఇది తహశీలు ముద్ర అయ్యుంటది పెదనాయనా" అన్నాను.

"అది నాకు గూడ తెలుసు" అన్నాడు.

నన్ను హిస్టరీలో చేర్చొద్దని మా నాన్నకు చెప్పినవాళ్లలో మొదటివాడు ఆయనే. 2016లో డిగ్రీ అడ్మిషన్లు మొదటిసారి సర్కారు వెబ్‌సైట్ దోస్త్‌లో ఆన్‌లైన్ అయ్యాయి. ఇంటర్నెట్ సెంటర్లో నా పక్కన కూర్చున్న అమ్మాయి బీకాం కంప్యూటర్స్ మీద ఆప్షన్ పెడుతుంటే నేను హిస్టరీ, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ మీద పెట్టాను. సెంటర్ నడిపే అన్న నా స్క్రీన్ వైపు చూసి, "తప్పు నొక్కినవేమో చూస్కో చెల్లె" అన్నాడు పాపం. ఇంటికొస్తే పెదనాయన. "హిస్టరీ దీస్కొని ఏం జేస్తవ్? సచ్చిపోయిన రాజుల ముచ్చట ఎవడడుగుతడు?" మా నాన్న నా తరఫున ఒక్కటే మాట అన్నాడు: "గ్రూప్స్‌కి పనికొస్తదట." అంతే, ఇల్లు చల్లబడింది.

ఈ "గ్రూప్స్‌కి పనికొస్తుంది" అన్న మాటతోనే నాకు అసలు గొడవ. హైదరాబాద్‌లో హిస్టరీ చదివే పిల్లలకు ఇంట్లో వాళ్ల నోరు మూయించడానికి ఉన్న ఏకైక ఆయుధం అది. నేనూ వాడాను, కాదనను. అశోక్‌నగర్‌లో గది తీసుకుని, చిక్కడపల్లి లైబ్రరీలో చోటు పట్టుకుని, పొద్దున్నుంచి రాత్రిదాకా బిట్లు చదివే అన్నలూ అక్కలూ మా అందరికీ ఆదర్శం. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఆ ఆయుధం మన చేతినే కోస్తుంది. గ్రూప్స్ కోసం చదివే చరిత్రలో ప్రతి ప్రశ్నకూ నాలుగు ఆప్షన్లు, ఒక్క జవాబు. చరిత్ర అనే చదువు మొదలయ్యేదే ఒక్క జవాబు సరిపోని చోట.

సెప్టెంబర్ 17నే తీసుకోండి. 1948లో సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఇంతవరకు బిట్టు. ఆ రోజుకు పేరేమిటి అని అడిగితే మాత్రం తంటా. కొందరికి విమోచన, కొందరికి విలీనం, కొందరికి విద్రోహం. 2022లో ఒకే రోజు, ఒకే నగరంలో, కేంద్ర ప్రభుత్వం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినమనీ రాష్ట్ర ప్రభుత్వం పబ్లిక్ గార్డెన్స్‌లో జాతీయ సమైక్యతా దినమనీ జెండాలెగరేశాయి. 2024కు వచ్చేసరికి కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. జరిగింది ఒకటే, పేర్లు అయిదు. ఏ పేరు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఆ పేరులో ఎవరి ఊసు లేకుండా పోయింది అని ఒక క్లాసంతా కూర్చుని మాట్లాడుకోవాలి కదా. మా క్లాసులో ఆ పాఠం చెప్పిన సారు, "ఇది కాంట్రవర్సీ, పరీక్షలో 'పోలీసు చర్య' అని రాయండి, ఏ గొడవా ఉండదు" అన్నారు. అందరం రాసుకున్నాం. ఆయన్ని అనేదేముంది, గంటల లెక్కన జీతమొచ్చే గెస్ట్ లెక్చరర్. రేపు ఇంకో కాలేజీలో ఇదే పాఠం చెప్పుకోవాలి.

మూడేళ్లలో మేం చదివింది ఇదీ: మొదటి ఏడాది హరప్పా నుంచి మొదలుపెట్టాం, రెండో ఏడాది సుల్తానులు, మొఘలులు, మూడో ఏడాది ఇంగ్లీషువాళ్లు, గాంధీగారు. మధ్యలో తెలంగాణ చరిత్ర. పుస్తకం అంటే గైడు. గైడులో చుక్క గుర్తు పెట్టినవి ఇంపార్టెంట్ కొశ్చన్లు. "అశోకుని ధమ్మ విధానాన్ని వివరింపుము." వివరించేవాళ్లం. అశోకుడి శాసనం ఒక్క వాక్యమైనా, తర్జుమాలోనైనా, చదవకుండానే వివరించేవాళ్లం.

అన్నిటికంటే నాకు ఇప్పటికీ సిగ్గనిపించేది కోఠి సంగతి. కాలేజీకి రోజూ కోఠిలోనే బస్సు మారేదాన్ని. 1857 తిరుగుబాటు మీద రెండుసార్లు ఇంటర్నల్ రాశాను. మీరట్, ఢిల్లీ, కాన్పూర్, ఝాన్సీ, అన్నీ వరసగా. ఆ ఏడాది జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వచ్చింది సరిగ్గా నేను బస్సు మారే ఆ చోటికే. రెసిడెన్సీ అంటే ఆ తరవాత కోఠి విమెన్స్ కాలేజీ అయిన భవనమే. అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు. తుర్రెబాజ్ ఖాన్ ఖైదు నుంచి తప్పించుకుని, 1859లో తూప్రాన్ దగ్గర దొరికి, చనిపోయాడు. కోఠిలో బస్టాండు దగ్గర 1857 వాళ్ల స్మారకం ఉంది. దాని గట్టు మీద కూర్చుని ఎన్నిసార్లు మొక్కజొన్న పొత్తు తిన్నానో లెక్కలేదు. మీద ఏం రాసుందో చదవాలన్న ఆలోచన ఒక్కరోజు రాలేదు. గైడులో లేదు కదా.

ఇట్లా ఉండగా రెండో ఏడాది చివర్లో ఒక మేడమ్ వచ్చారు. ఆమె కూడా గెస్టే. ఒక ఆదివారం, "రావాలనుకున్నవాళ్లు దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌కి రండి, నీళ్ల బాటిలు తెచ్చుకోండి" అన్నారు. అరవైమందిలో ఏడుగురం వెళ్లాం. ఆటోలకు డబ్బులు ఆమే ఇచ్చారు. చైతన్యపురి వెనక, మూసీ ఒడ్డున, నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట దగ్గర దిగాం. కింద మూసీ, దాని వాసన గురించి హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. గుట్ట చుట్టూ అపార్టుమెంట్లు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. మేడమ్ మమ్మల్ని ఒక బండ దగ్గరికి తీసుకెళ్లి, "చూడండి" అన్నారు. ఏం చూడాలో తెలియలేదు. బండ బండలాగే ఉంది. ఆమె బాటిలులోంచి కొంచెం నీళ్లు బండ మీద చల్లి, పక్కకు ఒంగి చూడమన్నారు. ఎండ ఏటవాలుగా పడుతుంటే రాతి మీద సన్నటి గీతలు మెల్లగా పైకి తేలాయి. మావాడొకడు సుద్దముక్క తీసి గీతల మీద రుద్దబోతే చేయి పట్టుకుని ఆపారు. "ఇది నీకంటే పదిహేను వందల ఏళ్లు పెద్దది. సుద్ద పూస్తే ఊరుకోదు."

ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన విష్ణుకుండినుల కాలపు శాసనం. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. అందులో గోవిందరాజ విహారం మాట ఉంది. విహారమంటే బౌద్ధ భిక్షువులు ఉండేచోటు. ఆమె ఒక్కొక్క అక్షరం వేలితో గాల్లో గీస్తూ చదివారు. కమానులాంటి ఒక గీత దగ్గర ఆగి, "ఇది గ" అన్నారు. నాకు ఒళ్లు ఝల్లుమంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. చార్మినార్ కట్టింది 1591లో అనీ హైదరాబాద్ నాలుగు వందల ఏళ్ల నగరమనీ పరీక్షల్లో ఎన్నోసార్లు రాసినదాన్ని. చార్మినార్‌కు వెయ్యేళ్ల ముందే ఈ మూసీ ఒడ్డున ఎవరో కూర్చుని, ఉలితో ఈ "గ" చెక్కారు. దాని మీద నరసింహస్వామి, దాని పక్కన అపార్టుమెంట్ల పార్కింగు. ఈ మూడూ ఒకచోట ఎట్లా చేరాయన్న ప్రశ్న నాకు నేనుగా వేసుకున్న మొట్టమొదటి చరిత్ర ప్రశ్న. అప్పటికి నేను నాలుగు సెమిస్టర్లు పాసయ్యాను.

ఆ మేడమ్ తరవాతి ఏడాది కాలేజీలో లేరు. రెన్యువల్ కాలేదన్నారు.

మళ్లీ పెదనాయన కాగితం దగ్గరికి వస్తాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది దాని చుట్టే ఉంది. నేను అనేది ఇదీ: హైదరాబాద్‌లో చరిత్రలో డిగ్రీ ఇచ్చేటప్పుడు, ఆ పిల్లకు ఉర్దూ చదవడం వచ్చా రాదా చూడాలి. రాకపోతే నేర్పాలి. కవిత్వం రాయక్కర్లేదు, గజల్స్ పాడక్కర్లేదు. ఒక పహాణీ (పొలం లెక్క కాగితం), ఒక అర్జీ, ఒక ఫర్మానా (రాజాజ్ఞ) ముందుపెడితే తడుముకుంటూనైనా చదవగలగాలి.

ఎందుకంటారా? ఈ నేల లెక్కలన్నీ ఆ లిపిలోనే ఉన్నాయి. హైదరాబాద్ రాజ్యంలో 1880ల దాకా దఫ్తరు భాష, అంటే సర్కారు పనుల భాష, ఫారసీ, ఆ తరవాత 1948 దాకా ఉర్దూ. 1917లో ఫర్మానా ఇచ్చి ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినప్పుడు బోధనా భాషగా ఉర్దూ పెట్టారు. పాఠ్యపుస్తకాల కోసం ఏకంగా ఒక తర్జుమా శాఖనే తెరిచి చరిత్ర, సైన్సు, న్యాయశాస్త్రం పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెచ్చారు. మన తాతల పొలాలకు కట్టిన శిస్తు, వాళ్ల మీద పడ్డ కేసులు, చెరువు గండి పడితే పెట్టుకున్న అర్జీలు, అన్నీ ఆ వంకర్లలోనే. ఉస్మానియా క్యాంపస్ దాటి తార్నాక వెళ్తే రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబు దక్కన్‌లో ఉన్న కాలపు కాగితాలు కూడా అక్కడున్నాయి. మా క్లాసు అరవైమందిలో ఆ గుమ్మం తొక్కినవాళ్లు నాకు తెలిసి లేరు. తొక్కినా లాభమేముంది, చదవడం రావాలిగా. బావి పక్కనే ఇల్లు, చేద లేదు.

ఈ మాట ఎక్కడన్నా ముందుగా వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. మా ఇంట్లోనే వచ్చింది. మా తాత మిడిల్ స్కూలంతా ఉర్దూ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, తప్పు పలికితే బెత్తం. ఆ దెబ్బల సంగతి చెప్పేటప్పుడు ఎనభై ఏళ్ల వయసులోనూ ఆయన అరచేయి ముడుచుకునేది. 1921లో వివేకవర్ధని హాల్లో, మహర్షి కర్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో, ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలను శ్రద్ధగా విన్న జనం ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడటానికి లేచేసరికి చప్పట్లు కొట్టి, గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఇంత కథ ఉన్నచోట "మళ్లీ ఉర్దూ నేర్చుకోండి" అంటే కొందరికి మండుతుంది. మండటం న్యాయమే.

కాకపోతే ఆ అవమానం పడినవాళ్లెవరూ ఆ భాషను వదిలిపెట్టలేదు. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నిజాంను పద్యాల్లో చెడామడా తిట్టి జైలుకెళ్లిన దాశరథి, ఆ తరవాత గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చాడు. హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు ఫారసీ పండితుడు. వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి వెళ్లగొడితే నాగపూర్ వెళ్లి చదువుకున్న పి.వి. నరసింహారావు ఉర్దూ తెలుగంత సులువుగా మాట్లాడేవాడు. పాలకుడి మీద కోపం వాళ్లు పాలకుడి మీదే ఉంచుకున్నారు. మనం చేసిందేమిటంటే పాలకుణ్ని మరిచిపోయి, లిపి మీద కోపం పెట్టుకున్నాం. దానివల్ల నిజాంకు పోయిందేమీ లేదు, ఆయన కాలంలో మన మీద జరిగినవి రాసున్న కాగితాలు మనకే కాకుండా పోయాయి. నిజాంను నిలదీయాలన్నా ముందు ఆయన దఫ్తరు చదవాలి కదా!

ఇంకో మాట, ఉర్దూ అనగానే అది ఒక మతంవాళ్ల భాష అన్నట్టు ముఖం పెట్టేవాళ్లుంటారు. వాళ్లతో వాదనకు నాకు ఓపిక లేదు. మా తాత రేషన్ కార్డు మీద ఉర్దూలో సంతకం పెట్టేవాడు, సాయంత్రం భాగవతం చదువుకునేవాడు.

తాత పోయాక ఆయన ట్రంకుపెట్టెలో కాగితాలు చాలా దొరికాయి. ఎవరికీ చదవడం రాదు. నాయనమ్మ వాటిని నెలరోజులు నీళ్ల పొయ్యి అంటించడానికి వాడింది. బాగా అంటుకునేవట. పెదనాయన చేతికొచ్చిన ఒక్క కాగితం, ముద్ర ఉంది కాబట్టి మిగిలింది.

దాన్ని పట్టుకుని ముందు నేను ఫోన్లో తర్జుమా యాప్ పెట్టి చూశాను. "మేక యొక్క ఉదయం నాలుగు" అని వచ్చింది. పెదనాయన ఏమీ అనలేదు, అదే ఇంకా కష్టంగా ఉండింది. ఎవరో చెప్తే ఇద్దరం పాతబస్తీలో మదీనా బిల్డింగ్ వెనక గల్లీలో పాత కాగితాలు తర్జుమా చేసే ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్లాం. మెట్ల కింద చిన్న గది, గోడకు మక్కా క్యాలెండరు, బల్ల మీద భూతద్దం. పేజీకి మూడొందలు. పెదనాయనకు కావాల్సిన లెక్క వేరు: కొత్త పాస్‌బుక్‌లో మా పొలం పదిహేను గుంటలు తక్కువ పడింది. ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర, పదిహేను గుంటలంటే మాటలా. పాత కాగితం చూపిస్తే సరిచేస్తారని ఎవరో చెప్పారు.

పెద్దాయన భూతద్దం పెట్టి, వేలితో గళ్ల వెంబడి పోతూ, ముందు సంవత్సరం చదివాడు. "తేరా సౌ ఛియాలీస్." అంటే 1346. నా బుర్రలో టక్కున ఒక దీపం వెలిగింది: 1347, బహమనీ రాజ్య స్థాపన, హసన్ గంగూ. మూడేళ్ల చదువు అక్కడ పనికొచ్చింది! అంత పాతదా అన్నట్టు నేను కళ్లు పెద్దవి చేస్తే ఆయన నవ్వాడు. "ఫస్లీ అమ్మా. అయిదు వందల తొంభై కలుపుకో." 1936. నిజాం రెవెన్యూ లెక్కలన్నీ ఫస్లీ సంవత్సరాల్లో ఉంటాయని డిగ్రీలో ఎవరూ చెప్పలేదు. ఈ రోజుకీ ఊళ్లలో పాత వీఆర్వోలకు తెలుసు, మాకు తెలియదు.

తరవాత సర్వే నంబరు, విస్తీర్ణం. తరవాత పట్టాదారు గడి. మా ముత్తాత పేరు చదివాడు. పెదనాయన కుర్చీలో ముందుకు జరిగాడు. పక్క గడికి పోయి, "ఆసామీ..." అని పెద్దాయన ఇంకా పేరు చదవకముందే పెదనాయన అందుకున్నాడు: "ఆసామి అంటే మేమే సాబ్. మా తాత ఊర్లె పెద్ద ఆసామి."

పెద్దాయన భూతద్దం కింద పెట్టాడు. "కాదు పటేలా. తెలుగుల ఆసామి అంటే పెద్ద రైతు. ఇక్కడ రాసింది ఆసామీ షిక్మీ. షికమ్ అంటే కడుపు. పట్టాదారు పట్టా కడుపులో ఉండి సాగు చేసేటోడు. కౌల్‌దార్." తరవాత ఆ గడిలో పేరు చదివాడు. మా ఇంటిపేరు కాదు. ఊళ్లో కింది వాడలో ఒకప్పుడు ఉండి, ఎప్పుడో బతుకుదెరువుకు భీవండి వెళ్లిపోయారని విన్న ఒక కుటుంబం పెద్దది.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు.

ఆ నిమిషం గురించి ఎన్నిసార్లు ఆలోచించానో. ఒక్క మాట. ఒకే మాట తెలుగులోకి వచ్చేసరికి దున్నేవాణ్ని వదిలి, దున్నించేవాడి మీదికి వెళ్లి కూర్చుంది. ఎప్పుడు వెళ్లింది? ఎవరు వెళ్లనిచ్చారు? ఇది మామూలు నిఘంటువు సంగతి అనుకోను. తెలంగాణలో భూమి కథంతా ఆ రెండు గళ్ల మధ్యనే ఉంది. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌల్దారీ చట్టం, రక్షిత కౌలుదార్లు, అన్నీ డిగ్రీలో చదివాను, "భూసంస్కరణలను గూర్చి లఘుటీక వ్రాయుము" కింద. ఆ లఘుటీక మా ఇంటి గురించేనని, అందులో మేం ఏ వైపు గడిలో ఉన్నామో అని, మాకు అనుకోవాల్సిన అవసరమే రాలేదు. పరీక్షలో పదికి ఎనిమిది వచ్చాయి.

చరిత్ర చదువు ఎందుకు అంటే నా జవాబు ఇదే, గ్రూప్స్ కాదు. పెదనాయన ఒకందుకు తెచ్చిన కాగితం ఇంకొకటి చెప్పింది. మనకు కావాల్సింది చెప్పడానికి గైడు చాలు. మన ముఖం మీద మనకిష్టం లేని మాట చెప్పడానికి మాత్రం అసలు కాగితం కావాలి, దాన్ని మనమే చదవగలగాలి, లేకపోతే చదివేవాడు ఏం చెప్తే అదే చరిత్ర. ఆ రోజు ఆ పెద్దాయన నిజాయితీపరుడు కాబట్టి సరిపోయింది. పటేలు మనసు నొప్పించడమెందుకని ఆ గడి వదిలేసి ఉంటే మాకు ఏం తెలిసేది? మూడొందలు తీసుకుని మమ్మల్ని సంతోషంగా పంపేవాడు, మేమూ సంతోషంగా వెళ్లేవాళ్లం.

తరవాత నేను ఉర్దూ నేర్చుకున్నాను. డిగ్రీలో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నాను, మార్కులొస్తాయని. దాని బదులు ఆ మూడేళ్లూ మొదటి నుంచి మొదలుపెట్టే ఉర్దూ ఒకటి మాలాంటివాళ్ల కోసం పెట్టి ఉంటే అప్పుడే వచ్చేది. పెట్టడం కష్టమా? చాలా కాలేజీల్లో ఉర్దూ మాస్టార్లు అదే కారిడార్లో, పక్క గదిలోనే ఉంటారు, పదిమంది పిల్లలతో. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఒకవైపు, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఇంకోవైపు. ఇంత దగ్గరగా ఇంకే ఊళ్లో ఉంటారు? సాయంత్రం క్లాసులకు వెళ్లి అలిఫ్ బే దగ్గర్నుంచి మొదలుపెట్టాను, పక్కన ఆరో తరగతి పిల్లలు. ఏడాదికి అచ్చు పుస్తకం చదవడం వచ్చింది. గొప్పలు చెప్పుకోను, దఫ్తరు రాత వేరే పని. షికస్తా అంటారు, విరగ్గొట్టిన రాత అని అర్థం. చుక్కలు పెట్టరు, అక్షరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. అంకెలైతే రఖం అని ఇంకో లెక్క, అవి అంకెల్లా కూడా ఉండవు. కాబట్టి సెకండ్ లాంగ్వేజ్ ఉర్దూ పెడితే అంతా అయిపోతుందని అనను. బండ మీద ఆ "గ" కూడా నాకు రెండోసారి వెళ్లినప్పుడు వెతుక్కోవాల్సి వచ్చింది. గుర్తుపట్టడం తెలిసినవాడికి వెతుక్కునే ఓపిక వస్తుంది, అది చాలు మొదట్లో.

ఇప్పుడు ఒక లాయరు గారి ఆఫీసులో లింక్ డాక్యుమెంట్లు చూస్తాను. ఈసీలు, పాత సేల్ డీడ్లు, పహాణీ నకళ్లు. జీతం బాగానే ఉంది. చుట్టాల పెళ్లిళ్లలో పెదనాయన నన్ను చూపించి "మా బిడ్డ హిస్టరీ చదివింది, ల్యాండ్ కేసులన్నీ దానికే తెలుసు" అంటాడు, హిస్టరీ అన్న మాట గట్టిగా. హిస్టరీకి ఉద్యోగాలున్నాయని వాదించడానికి నన్ను ఉదాహరణగా వాడుకుంటే మాత్రం ఒప్పుకోను. నా పక్క సీటతను బీకాం చదివి ఇదే పని నాకంటే వేగంగా చేస్తాడు.

ఆ రోజు మదీనా నుంచి బయటికొచ్చి, పక్కనే ఇరానీ హోటల్లో కూర్చున్నాం. పెదనాయన చాయ్ సాసర్లో పోసుకుని, తాగకుండా చాలాసేపు చూశాడు. ఉస్మానియా బిస్కెట్ సగం విరిచి నాకిచ్చాడు.

"వాళ్ల పిల్లలు ఎక్కడుండ్రో నీకేమన్న ఎరుకనా?" అన్నాడు.

"భీవండి పోయిండ్రట గద."

"ఊఁ." చాయ్ తాగాడు. కాగితాన్ని న్యూస్‌పేపర్లో, న్యూస్‌పేపర్ని కవర్లో, కవర్ని సంచిలో పెట్టుకున్నాడు. లేచి, డబ్బులిచ్చి, బయటికొచ్చాక, రోడ్డు దాటబోతూ ఆగి అన్నాడు: "ఈ ముచ్చట చిన్నాయనకు చెప్పకు."

చెప్పలేదు. చిన్నాయన ఇట్లాంటివి చదవడు కూడా.